డాట్సన్ 240జెడ్ గీసింది ఆ జర్మన్ కౌంట్ కాదండి, పేరు సరిచెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్ల మీద రెండు పేజీల వ్యాసం వేశారు కదా, ఫోటోలు చాలా బాగున్నాయి, మా షెడ్డులో కుర్రాళ్ళు ఆ పేజీలు గోడకి కూడా అంటించుకున్నారు. కానీ డాట్సన్ 240జెడ్ దగ్గర "బీఎండబ్ల్యూ 507 గీసిన జర్మన్ కౌంట్ ఆల్బ్రెక్ట్ గోర్ట్జ్ చేతిలోంచే ఈ జపాన్ అందగత్తె కూడా పుట్టింది" అని ఒక వాక్యం రాశారు, అది తప్పండి. పైగా దాని పక్కన పెట్టిన ఫోటో 240జెడ్ ది కాదు, టయోటా 2000జీటీది. ముందు గ్రిల్లుకి అటూ ఇటూ అద్దాల వెనక పెద్ద లైట్లు ఉండి, అసలు హెడ్ లైట్లు బానెట్ లోంచి పైకి లేచే కారు అది, జెడ్ కి హెడ్ లైట్లు రెండు గుంటల్లో లోపలికి ఉంటాయి, ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోటో మారిపోవడం ప్రెస్సులో జరిగే సంగతే, దానికి ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పేరు మారిపోవడం వేరు. ఎందుకంటే ఈ పేరు మీ పేపర్లో మొదటిసారి మారలేదు, యాభై ఏళ్ళుగా ప్రపంచమంతా మారుతూనే ఉంది.

ఆ కారు గీసిన టీముకి పెద్ద యోషిహికో మత్సువో. నిస్సాన్ లో ఉద్యోగి, డాట్సన్ అనేది ఆ కంపెనీ బ్రాండే. 2020 జులైలో పోయాడు, 86 ఏళ్ళు. మీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారి కూడా లేదు.

గోర్ట్జ్ ని తక్కువ చెయ్యడానికి రాయట్లేదండి, ఆయన మామూలోడు కాదు. 1914లో జర్మనీలో కౌంట్ బిరుదున్న జమీందారీ కుటుంబంలో పుట్టి, 1936లో అమెరికా పోయి, కార్లు కడిగే చోట పని చేసి, ఒక మెర్క్యురీ కారు ఛాసిస్ (అడుగు చట్రం) మీద సొంతంగా బాడీ కట్టించుకుని 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు. యుద్ధంలో అమెరికా సైన్యంలో చేసి వచ్చాక రేమండ్ లోవీ అనే పెద్ద డిజైనర్ కళ్ళలో పడ్డాడు, ఆయన ఇతన్ని డిజైన్ చదువుకి పంపి తర్వాత స్టుడిబేకర్ అనే అమెరికా కంపెనీ కార్ల పనిలో పెట్టుకున్నాడు. 1953 ప్రాంతంలో న్యూయార్క్ లో సొంత స్టూడియో. అప్పట్లో అమెరికాలో యూరప్ కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ చెప్తే బీఎండబ్ల్యూకి బొమ్మలు పంపాడు, దాంతో 503, 507 రెండూ ఆయనకే వచ్చాయి. 507 ఎంత అందమైన కారో చెప్పక్కర్లేదు, ఎల్విస్ ప్రెస్లీ జర్మనీలో సైన్యంలో ఉన్నప్పుడు ఒకటి కొనుక్కున్నాడు. అమ్మకాల్లో మాత్రం ఘోరం, 250కి కాస్త అటూ ఇటూగా చేసి ఆపేశారు, అనుకున్న ధర కంటే డబుల్ పడటంతో కంపెనీ దివాలా అంచుకి పోవడంలో ఈ కారు వాటా కూడా ఉంది. పోర్షే వాళ్ళకి కూడా ఆయన ఒక మోడల్ చేసి చూపించాడు, అది చూసి ఇది మంచి గోర్ట్జే గానీ పోర్షే మాత్రం కాదు అన్నట్టుగా వాళ్ళు పక్కన పెట్టేశారని చెప్తారు. అంటే ఎవరి చెయ్యి వాళ్ళది, తెలిసినవాడికి గీత చూస్తే మనిషి తెలిసిపోతాడు.

ఇక జపాన్ సంగతి. 1960ల మొదట్లో జపాన్ కార్ల కంపెనీలన్నీ బయట డిజైనర్ల కోసం వెతుక్కునేవి, ఇది నిజం, దాచాల్సింది ఏమీ లేదు. నిస్సాన్ వాళ్ళే బ్లూబర్డ్ 410కి, తర్వాత సెడ్రిక్ కారుకి ఇటలీ డిజైన్ కంపెనీ పినిన్‌ఫరీనాని పెట్టుకున్నారు, ప్రిన్స్ అనే కంపెనీ వాళ్ళు స్కైలైన్ స్పోర్ట్ కోసం ఇటలీ డిజైనర్ మికెలోట్టి దగ్గరికి పోయారు, ఇసుజు 117 కూపే కూడా ఇటలీ డిజైనర్ జుజారో గీసిందే. ఆ వరసలోనే గోర్ట్జ్ నిస్సాన్ కి సలహాదారుగా వచ్చాడు. ఆ రోజుల్లో కారు సైజులోనే మట్టితో నిండు మోడల్ చేసి దాని మీద లైన్లు దిద్దుకునే పద్ధతి అక్కడివాళ్ళకి బాగా అలవాటు చేసింది ఆయనే అని చెప్తారు, అది చిన్న సాయం కాదు. 1964 టోక్యో మోటర్ షోలో పెట్టిన మొదటి సిల్వియా కారుకి కూడా ఆయన సలహా ఉంది, కానీ అక్కడ కూడా బొమ్మ గీసింది కజువో కిమురా అనే నిస్సాన్ కుర్రాడు. చేత్తో కొట్టిన రేకు, మడత పెట్టినట్టు పదునైన అంచులు, మొత్తం 554 కార్లు. అది కూడా చాలా చోట్ల గోర్ట్జ్ ఖాతాలోనే రాసేస్తారు, మీరు రాయలేదు, సంతోషం.

అసలు గొడవంతా ఇంకో కారు దగ్గర మొదలైంది, ఎప్పటికీ రోడ్డెక్కని కారు. నిస్సాన్, యమహా కలిసి ఒక రెండు లీటర్ల స్పోర్ట్స్ కారు చెయ్యాలనుకున్నారు, ఏ550ఎక్స్ అని పేరు, పొడుగు ముక్కు, వెనక్కి జారిపోయే టాపు, పైకి లేచే లైట్లు. గోర్ట్జ్ కి ఆ పనితో సంబంధం ఉంది. మధ్యలో నిస్సాన్ చేతులెత్తేసింది, ప్రోటోటైపు, అంటే ముందుగా చేసి చూసుకునే నమూనా కారు, అక్కడికే ఆగిపోయింది. యమహా వాళ్ళు చేతిలో ఉన్న పనితనం వృథా చేసుకోవడం ఇష్టం లేక టయోటా తలుపు తట్టారు, అక్కడి నుంచి టయోటా 2000జీటీ వచ్చింది, 1965 టోక్యో షోలో చూపించి 1967 నుంచి 1970 దాకా చేశారు, మొత్తం 351. ఇప్పుడు చూడండి తమాషా, గోర్ట్జ్ నిస్సాన్ లో పని చేశాడు కాబట్టి జెడ్ ఆయనదే అన్నారు, గోర్ట్జ్ యమహాతో పని చేశాడు, యమహా టయోటాకి పోయింది, కాబట్టి 2000జీటీ కూడా ఆయనదే అన్నారు! రెండు శత్రు కంపెనీల రెండు కార్లు ఒకే మనిషి ఖాతాలో, మధ్యలో ఉన్న లింకు ఒక్క పడేసిన ప్రోటోటైపు. 2000జీటీ గీసింది టయోటాలో సతోరు నోజాకి, ఆ ప్రాజెక్టు నడిపింది జిరో కవానో, టయోటా వాళ్ళు అది సొంతగానే గీసుకున్నారు, యమహా పాత్ర ఇంజిన్ పని, కార్లు కట్టడం. మీ పేజీలో ఫోటో మారడానికి కారణం కూడా బహుశా ఇదే అయ్యుంటుంది, ఎక్కడో రెండు కార్లనీ ఒకే మనిషి కింద కలిపి రాసింది చూసి ఉంటారు.

జెడ్ కారు పని మొదలైంది అది అయిపోయాక. 1965 ప్రాంతంలో మత్సువోకి నిస్సాన్ లో స్పోర్ట్స్ కార్ల స్టూడియో అప్పజెప్పారు, నాలుగో స్టూడియో, పెద్ద హోదా ఉన్న చోటేం కాదు, కంపెనీకి డబ్బు తెచ్చేది బ్లూబర్డ్, సెడ్రిక్ లాంటి ఇంటి కార్లు కాబట్టి మంచి మనుషులంతా అటే ఉండేవాళ్ళు, స్పోర్ట్స్ కారు అంటే ఏదో ముచ్చట కోసం చేసేది అన్న లెక్క. ఆ కొద్దిమందితోనే మత్సువో స్కెచ్ ల మీద స్కెచ్ లు వేయించాడు, మట్టి మోడళ్ళు ఒకటి కాదు చాలా చేశారు, మొదట్లో టాపు లేని ఓపెన్ కారు ఆలోచన కూడా ఉంది, ఆ తర్వాత మూసిన బాడీ వైపు తిరిగారు, వెనక తలుపు పైకి ఎత్తే హ్యాచ్ పెట్టారు. అకియో యోషిదా, చిబా, ఒయివా, నిషికావా, ఇలాంటి పేర్లు ఆ టీములో కనిపిస్తాయి. అప్పటికి గోర్ట్జ్ నిస్సాన్ లో లేడు. ఈ ఒక్క తేదీ చాలు అనుకుంటాను నేను, గది తాళం మారాక లోపల గీసిన బొమ్మకి బయట ఉన్నవాడు కర్త ఎలా అవుతాడు.

అయినా పోలికలు ఉన్నాయి కదా అంటారు కొందరు, మీ రచయిత కూడా పొడుగు బానెట్, పొట్టి తోక చూసే అనేసి ఉంటారు. పొడుగు బానెట్ ఎందుకొస్తుందండి, ఆరు సిలిండర్లు ఒకే వరసలో పెడితే వస్తుంది. ఇంజిన్ అంత పొడుగు ఉన్నాక డ్రైవరు సీటు వెనక చక్రాల వైపుకి జరగాల్సిందే, అప్పుడు ముక్కు పొడుగు తోక పొట్టి అవ్వకుండా ఎక్కడికి పోతుంది. జాగ్వార్ ఈ-టైపూ అంతే, 2000జీటీ అంతే, ఫెరారీల్లో ఇంజిన్ ముందున్నవీ అంతే. ఆ కాలంలో స్పోర్ట్స్ కారు గీసే ప్రతివాడి కాగితం మీదా ఆ ఆకారమే ఉంది, దాన్ని పట్టుకుని ఫలానావాడి చెయ్యి అని చెప్పలేం. చెయ్యి కనపడేది చిన్న చోట్ల. జెడ్ లో ఆ లైట్ల గుంట అంచు నుంచి మొదలైన గీత ఫెండరు (ముందు చక్రం పైన రేకు) మీదుగా తలుపు దాటి వెనక చక్రం పైన ఎలా మళ్ళీ లేస్తుందో, పక్క కిటికీ గాజు వెనక్కి పోయేకొద్దీ ఎలా పైకి కోసుకుపోతుందో చూడండి, తర్వాత ఆ పదును అంచుల సిల్వియా చూడండి, ఆ తర్వాత 507 చూడండి. నేను రేకుతో బతికినవాణ్ణి, నాకైతే మూడూ మూడు వేరే చేతుల్లా కనపడతాయి.

మరి ఇంత స్పష్టంగా ఉంటే గొడవ ఎందుకు నిలిచింది అంటే దానికి కారణం ఒక ఉత్తరం. కారు 1969 అక్టోబర్లో బయటికొచ్చి అమెరికాలో ఊహించనంత హిట్ అయ్యింది, 3,526 డాలర్లకి 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకీ ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఏర్పాటు), అలాంటి బండి ఆ రేటుకి ఇంగ్లండ్ వాళ్ళు ఇవ్వలేకపోయారు. ఆ మొదటి తరం జెడ్ మొత్తం 1978 దాకా 5 లక్షల పైన అమ్ముడుపోయింది. 507 మొత్తం 250 అమ్మిన మనిషికి, 5 లక్షలు అమ్మిన కారులో తన నీడ కనపడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. గోర్ట్జ్ నాదే అన్నాడు, వ్యవహారం లాయర్ల దాకా పోయింది, చివరికి 1980లో నిస్సాన్ తరఫున ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది. దాని సారాంశం ఏంటంటే, 240జెడ్ ని మీరు డిజైన్ చెయ్యలేదు, కానీ దాన్ని డిజైన్ చేసినవాళ్ళ మీద మీరు మాకు చేసిన మంచి పని ప్రభావం ఉంది, మీ డిజైన్ల లాభం వాళ్ళకి దక్కింది అని. ఇది పక్కా లాయరు ఉత్తరం. ముందు సగంలో కంపెనీ తన ఉద్యోగుల్ని కాపాడుకుంది, వెనక సగంలో ఎదుటివాడికి గౌరవంగా తప్పుకునే దారి వదిలింది, కోర్టు ఖర్చు లేకుండా ఇద్దరూ ఇంటికి పోవచ్చు. తర్వాత ఏమైందంటే లోకానికి వెనక సగమే వినపడింది. నిస్సానే ఒప్పుకుంది అని రాసినవాళ్ళు ఎందరో, ముందు సగం ఎవరూ చదివినట్టు లేదు. 2006లో గోర్ట్జ్ పోయినప్పుడు సంతాపం రాసిన చాలా పత్రికలు 507 పక్కన 240జెడ్ ని కూడా ఆయన పేరు మీదే రాసేశాయి, మీరు ఒంటరి కాదు.

నిస్సాన్ మీద కూడా నాకు కోపమే. ఆ ఉత్తరం రాసిన రోజున మత్సువో బతికే ఉన్నాడు, ఆయన పేరు పెట్టి ఇదిగో ఈయనే గీశాడు అని పెద్దగా ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అప్పటి జపాన్ కంపెనీల్లో పద్ధతి ఏంటంటే కారు కంపెనీది, మనిషిది కాదు, డిజైనరు పేరు బయటికి చెప్పే అలవాటే లేదు. ఇటలీలో డిజైనరు పేరు కారు పక్క రేకు మీద బ్యాడ్జిగా వస్తుంది, జపాన్ లో జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా రాదు. పేరు చెప్పుకునే మనిషి ఒకవైపు, పేరు చెప్పని కంపెనీ ఇంకోవైపు ఉంటే విలేఖరి ఎవరి మాట రాసుకుంటాడు, ఫోన్ ఎత్తినవాడిదే కదా. మత్సువో తర్వాత ఏళ్ళలో ఇంటర్వ్యూల్లో చెప్తూనే వచ్చాడు, జెడ్ అభిమానులు బాగా గౌరవించారు, కానీ అది ఆ కారు పిచ్చోళ్ళ దాకానే పోయింది, ఆదివారం అనుబంధాల దాకా రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. గోర్ట్జ్ పని నేర్చుకున్న రేమండ్ లోవీ ఉన్నాడే, ఆయన ఆఫీసులో ఎవరు ఏది గీసినా లోవీ పేరు మీదే బయటికి పోయేది. 1953 స్టుడిబేకర్ కూపేని ఇప్పటికీ లోవీ కూపే అంటారు, దాన్ని గీసింది ఆయన టీములో రాబర్ట్ బూర్క్. అంతకు ముందు 1947 స్టుడిబేకర్ ఎవరిదన్న దాని మీద ఇంకో డిజైనర్ వర్జిల్ ఎక్స్‌నర్ కీ లోవీకీ మధ్య పెద్ద రచ్చే అయ్యింది. మరి గోర్ట్జ్ కూడా అక్కడే స్టుడిబేకర్ బల్ల ముందు కూర్చుని తన గీతల మీద ఇంకొకరి పేరు పడటం చూసి ఉంటాడు కదా. అలాంటి మనిషి ఇంకో కుర్రాడి గీత మీద తన పేరు వేసుకోవాలని చూశాడంటే, నాకు అది అర్థం కాదు, ఆయన నిజంగానే నమ్మాడేమో, తను చేసిన మట్టి మోడళ్ళే పెరిగి జెడ్ అయ్యాయని. మనుషులు అలా నమ్ముతారు కూడా.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే, నేను విజయవాడ ఆటోనగర్ లో బాడీ బిల్డింగ్ పనిలో డ్రాయింగులు వేస్తూ చాలా ఏళ్ళు బతికాను. బస్సు బాడీలకి కొలతలు తీసి, ఛాసిస్ మీద ఎక్కడ పిల్లర్ రావాలి, ముందు అద్దం ఎంత వంగాలి, రేకు ఎక్కడ జాయింట్ వెయ్యాలి అన్నీ గీసేవాణ్ణి, బస్సు పూర్తయి పెయింటు పడ్డాక ఎగ్జిబిషన్ లో దండ మాత్రం ఓనరు మెళ్ళో పడేది. ఒకసారి నేను గీసిన ముందు భాగాన్ని వేరే ఊరి కన్సల్టెంట్ తన డిజైన్ అని బ్రోచర్ లో వేసుకున్నాడు, అడిగితే మీది కూడా ఇన్‌స్పిరేషనే లెండి అన్నాడు. లారీ వెనక చూడండి, పెయింటర్ మాత్రం కింద మూలకి ఫలానా ఆర్ట్స్ అని సంతకం పెట్టుకుంటాడు, బాడీ గీసినోడికి ఆ మూల కూడా లేదు.

అయితే మత్సువో ఒక్కడే అంతా చేశాడు అని రాసినా అది కూడా తప్పే అవుతుంది, అందుకే ముందే చెప్తున్నా. అమెరికాలో నిస్సాన్ ని నిలబెట్టిన యుతాకా కతయామా, మిస్టర్ కే అంటారు, ఆయన లేకపోతే ఈ కారు కాగితం మీదే ఉండేది. టోక్యో ఆఫీసుకి ఆయనంటే పడక 1960లో అమెరికాకి పంపేశారు, శిక్ష అనుకుని పంపితే ఆయన అక్కడ డీలర్ల దగ్గర తిరిగి తిరిగి అమెరికావాడికి ఏం కావాలో తెలుసుకుని, పొడుగు మనిషి కాళ్ళు చాపుకునే స్పోర్ట్స్ కారు, మామూలు జీతగాడు కొనగలిగే రేటు, దారిలో ఆగిపోని ఇంజిన్, ఇవి కావాలని టోక్యో మీద ఒత్తిడి పెట్టాడు. మత్సువో బొమ్మలకి అండగా నిలిచింది కూడా ఆయనే. జపాన్ లో కారు పేరు ఫెయిర్‌లేడీ జెడ్, కంపెనీ ప్రెసిడెంటు న్యూయార్క్ లో ఒక సంగీత నాటకం చూసి ముచ్చటపడి పెట్టిన పేరు, అమెరికాలో ఆ పేరుతో స్పోర్ట్స్ కారు అమ్మలేం అని కతయామా ఆ బ్యాడ్జీలు పీకించి 240జెడ్ అని పెట్టించాడు. జెడ్ కారు తండ్రి అని అందరూ ఆయన్నే అంటారు, 1998లో అమెరికా ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్ లోకి తీసుకున్నారు, 2015లో 105 ఏళ్ళకి పోయాడు. ఆ పేరు ఆయనకి తగిందే. కానీ ఆయన ఎప్పుడూ పెన్సిలు నాది అనలేదు, కారు కావాలని పట్టుబట్టింది నేను అన్నాడు, అంతే. ఇంకా హితోషి ఉయెమురా అని ఇంజినీరు, ఆ బొమ్మని నడిచే కారుగా చేసిన వాళ్ళ పెద్ద. ఈ మూడు పనులూ వేరు వేరు, ముగ్గురికీ చోటుంది, గొడవ లేదు. గొడవంతా నాలుగో కుర్చీ వేసినందుకు.

గోర్ట్జ్ కి ఏం ఇవ్వాలి అంటే, నిస్సాన్ స్టూడియోకి పని పద్ధతి నేర్పాడు అని ఇవ్వండి, సిల్వియాకి సలహాదారు అని ఇవ్వండి, ఏ550ఎక్స్ ఇవ్వండి, బీఎండబ్ల్యూ 507 ఎలాగూ ఆయనదే. గురువు నేర్పిన చేతితోనే శిష్యుడు గీస్తాడు కాబట్టి శిష్యుడి బొమ్మ గురువుదే అంటే మాత్రం, ఆ లెక్కన గోర్ట్జ్ 507 కూడా లోవీ ఖాతాలోకే పోవాలి, దానికి ఆయన ఒప్పుకునేవాడా?

వ్యాసంలో ఇంకో లోటు కూడా ఉంది, కోపం తెచ్చుకోకండి. ఆ కారుకీ మనవాళ్ళకీ ఒక నిజమైన లింకు ఉంటే మీరు అదే వదిలేశారు. 1973 ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది 240జెడ్, నడిపింది శేఖర్ మెహతా, ఉగాండాలో స్థిరపడ్డ భారతీయ కుటుంబం వాడు, అంతకు ముందు ఏడాదే ఆ దేశ పాలకుడు ఈదీ అమీన్ అక్కడి మనవాళ్ళందర్నీ తరిమేశాడు. బురద, గుంతలు, ఏరులు దాటే ర్యాలీలో ఆయనకీ ఇంకో డాట్సన్ లో ఉన్న స్వీడన్ డ్రైవర్ హ్యారీ షెల్‌స్ట్రమ్ కీ పాయింట్లు సమానం వచ్చాయి, చివరికి టైబ్రేక్ మీద మెహతాకి ఇచ్చారు. తర్వాత 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగు సార్లు, మొత్తం అయిదు సార్లు సఫారీ గెలిచాడు. 1971లో కూడా ఆ ర్యాలీ 240జెడ్ దే, అప్పుడు ఎడ్గర్ హెర్మన్. మన దగ్గర కుర్రాళ్ళకి డాట్సన్ అంటే చెన్నై దగ్గర ఒరగడంలో చేసిన ఆ చవక డాట్సన్ గో మాత్రమే తెలుసు, అది 2014లో వచ్చి 2022లో బ్రాండుతో సహా ఆగిపోయింది, అదే పేరు మీద ఒకప్పుడు ఇలాంటి కారు ఉండేదని చెప్తే నవ్వుతారు. మీ అనుబంధం అలాంటి వాళ్ళ చేతిలోకే పోతుంది, అందుకే సరిగ్గా ఉంటే బాగుంటుంది అంటున్నా.

మీ రచయిత మీద నాకు ఏ కోపమూ లేదు. ఇంటర్నెట్ లో వెతికితే ఒకడు రాసింది పదిమంది ఎత్తుకుని రాస్తారు, అందులో గోర్ట్జ్ పేరు చూసి ఇదే నిజం అనుకోవడం సహజం, కథ కూడా ఆయనదే బాగుంటుంది మరి, జర్మన్ జమీందారు కొడుకు, ఎల్విస్ ప్రెస్లీ కారు, న్యూయార్క్ స్టూడియో, ఇవన్నీ రాస్తే పేజీ నిండుతుంది. జీతానికి పని చేసి, సాయంత్రం రైలెక్కి ఇంటికి పోయే మనిషి గురించి ఏం రాస్తారు. కానీ కారు గీసింది ఆ రెండో మనిషే అయినప్పుడు ఏం చేస్తాం.

కాబట్టి నేను కోరేది చిన్నది. వచ్చే ఆదివారం అదే పేజీలో, లోపల ఎక్కడో అడుగున కాకుండా, ఫోటోతో సహా రెండు సవరణలు వెయ్యండి. ఒకటి, గోర్ట్జ్ పక్కన వేసిన ఫోటో టయోటా 2000జీటీది, గీసింది సతోరు నోజాకి. రెండు, డాట్సన్ 240జెడ్ డిజైన్ నిస్సాన్ స్టూడియోలో యోషిహికో మత్సువో టీముది. మత్సువో అని వేసేటప్పుడు చివర వో ఉంచమని కంపోజింగ్ వాళ్ళకి ఒక మాట చెప్పండి, మత్సు అని కత్తిరిస్తే అది ఇంకెవరి పేరో అయిపోతుంది. 240జెడ్ అసలు ఫోటో మీ దగ్గర లేకపోతే, మా షెడ్డు కుర్రాడి దగ్గర ఒక పాత కార్ల క్యాలెండర్ ఉంది, అందులో అక్టోబర్ నెల పేజీలో ఎర్ర రంగుది ఉంది, స్కాన్ చేసి పంపమంటే పంపుతాడు.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ